దాచబడిన సాక్ష్యం: 1948 హైదరాబాదు మృతులు, షరీఅత్ దృష్టి

ఒక మనిషి అన్యాయంగా చంపబడినప్పుడు అక్కడ రెండు నేరాలకు అవకాశం ఉంటుంది. మొదటిది హత్య. రెండవది, ఆ హత్య సంగతి తెలిసినవారు నోరు మెదపకుండా ఉండిపోవటం. ఇస్లాం ఈ రెండవదాన్ని సైతం పాపంగానే పరిగణించింది. సాక్ష్యాన్ని దాచవద్దని దివ్య ఖుర్ఆన్ రెండవ సూరా అల్ బఖరా 283వ ఆయత్‌లో ఆదేశించి, దాచేవాని హృదయమే పాపభూయిష్టమైనదని హెచ్చరించింది. ఆ ఆయత్ ప్రస్తావించే సందర్భం అప్పు, తాకట్టు. కొద్దిపాటి సొమ్ము విషయంలోనే సాక్ష్యాన్ని దాచటం ఇంతటి పాపమైతే, వేలాది ప్రాణాల విషయంలో దాని గురుత్వం ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

వ్యక్తి దాచిన సాక్ష్యం అతనితోపాటే సమాధి కావచ్చు. ప్రభుత్వం దాచిన సాక్ష్యం అట్టిది కాదు. అది కాగితాలమీద ఉంటుంది, బీరువాలలో ఉంటుంది, తరతరాలు నిలిచి ఉంటుంది. దానిని అడిగే హక్కు, అడగవలసిన బాధ్యత కూడా అంతకాలమూ నిలిచే ఉంటాయి. 1948లో హైదరాబాదు సంస్థానంలో జరిగిన సంఘటనలు, వాటిని గురించి ప్రభుత్వానికే అందిన ఒక నివేదిక చరిత్ర ఇందుకు తెలుగు ముస్లింలకు అతి సమీపమైన ఉదాహరణ.

ఆనాటి పరిస్థితి

హైదరాబాదు సంస్థానంలో పదహారు జిల్లాలుండేవి. వాటిలో ఎనిమిది తెలుగు జిల్లాలు, అయిదు మరాఠీ జిల్లాలు, మూడు కన్నడ జిల్లాలు. పాలకుడు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ప్రజలలో అధిక సంఖ్యాకులు హిందువులు. దేశ స్వాతంత్ర్యం తరువాత సంస్థానం భారతదేశంలో చేరలేదు. 1947 నవంబరు 29న ఉభయ పక్షాల మధ్య యథాతథ ఒడంబడిక మాత్రం కుదిరింది. ఇంతలో ఖాసిం రజ్వీ నాయకత్వాన రజాకార్ల దౌర్జన్యం పెచ్చుపెరిగింది. మరొకవైపు తెలంగాణా గ్రామాలలో దొరల పెత్తనానికి వ్యతిరేకంగా కమ్యూనిస్టుల నాయకత్వాన రైతాంగ సాయుధ పోరాటం సాగుతూ ఉండేది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు సంస్థాన సైన్యం లాంఛనంగా లొంగిపోయింది. దీనినే పోలీసు చర్య అని పిలవటం వాడుకయింది. మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి మిలిటరీ గవర్నరుగా నియమించబడ్డాడు. యుద్ధం అయిదు రోజులలో ముగిసింది. కాని ఆ రోజులలోను, ఆ తరువాతి వారాలలోను అనేక గ్రామాలలో, పట్టణాలలో సామాన్య ముస్లింలపై హత్యాకాండ సాగింది. ఆ వార్తలు ఢిల్లీకి చేరాయి.

సుందర్‌లాల్ కమిటీ కన్నది, విన్నది

ఆ వార్తలు విన్న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రభుత్వం ఒక సద్భావనా ప్రతినిధివర్గాన్ని హైదరాబాదుకు పంపింది. గాంధేయవాది పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అందులోని సభ్యులు. 1948 నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు వారు పర్యటించారు. పదహారు జిల్లాలలో తొమ్మిదింటికి వెళ్లారు. ఏడు జిల్లా కేంద్రాలు, 21 పట్టణాలు, 23 ముఖ్య గ్రామాలు స్వయంగా చూశారు. తాము వెళ్లలేకపోయిన మరి 109 గ్రామాలకు చెందిన అయిదు వందలకు పైబడిన మనుషుల వాఙ్మూలాలు విన్నారు.

వారి అంచనా ఇది: పోలీసు చర్య సమయంలోను, తరువాతను సంస్థానం మొత్తంమీద ఎంత తక్కువగా లెక్కించినా 27 వేల నుండి 40 వేల మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. ఎక్కువ నష్టం ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలలో జరిగింది. ఈ నాలుగింటిలోనే మృతులు 18 వేలకు తక్కువ కారు. ఔరంగాబాదు, బీడ్, నల్గొండ, మెదక్ జిల్లాలలో మృతులు కనీసం అయిదు వేలు. హత్యలతోబాటు లూటీలు, ఇండ్ల దహనాలు, స్త్రీల అపహరణ, బలవంతపు మతమార్పిడులు కూడా జరిగినట్లు నివేదిక పేర్కొన్నది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు సైతం లూటీలలోను ఇతర నేరాలలోను పాల్గొన్నారని లేదా ప్రోత్సహించారని అది నమోదు చేసింది.

ఆ నివేదికలో మరొక విషయం కూడా ఉన్నది. దానిని విస్మరించటం న్యాయం కాదు. పలుచోట్ల హిందువులు తమ ముస్లిం పొరుగువారిని కాపాడారు. ముఖ్యంగా ఒకే వృత్తిలోనివారి మధ్య ఈ ఆదరణ ప్రస్ఫుటంగా కనిపించిందని, హిందూ నేతపనివారు ముస్లిం నేతపనివారికి కాపలా కాసి, కొన్నిచోట్ల తమ ప్రాణాలనే అర్పించారని కమిటీ వ్రాసింది. నివేదికను దాచటమంటే హంతకుల పేర్లను మాత్రమే దాచటం కాదు. ఆ నేతగాళ్ల త్యాగాన్ని కూడా దాచటమే.

నివేదికకు పట్టిన గతి

నివేదిక ప్రభుత్వానికి చేరింది. ప్రభుత్వం దానిని ప్రచురించలేదు. రజాకార్ల అత్యాచారాలను కమిటీ తగినంతగా పట్టించుకోలేదని, అందువల్ల అది ఏకపక్షమని ఉపప్రధాని సర్దార్ పటేల్ ఆక్షేపించారు. ఏళ్లు గడిచాయి. 1988లో ఉమర్ ఖాలిదీ సంకలనం చేసిన ఒక ఆంగ్ల గ్రంథం ద్వారా అందులోని భాగాలు వెలుగుచూశాయి. తరువాత న్యాయవాది, పరిశోధకుడు ఎ.జి.నూరానీ హైదరాబాదు పతనంపై వ్రాసిన గ్రంథంలో దానిని అనుబంధంగా చేర్చారు. న్యూఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో నివేదిక ప్రతి చూడటానికి లభిస్తున్నదని 2013లో బి.బి.సి. తెలియజేసింది. ఆ సంస్థ పేరు 2023లో ప్రధానమంత్రుల మ్యూజియం, గ్రంథాలయంగా మార్చబడింది.

ఒక పరిశోధకుడు గ్రంథాలయానికి వెళ్లి చదవగలగటం ఒకటి. ప్రభుత్వం తన నోటితో తాను అంగీకరించటం మరొకటి. మొదటిది సమాచారం మాత్రమే. రెండవది సాక్ష్యం. బాధితుల సంతతికి నేటికీ అందనిది ఈ రెండవదే.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేయాలి. సుందర్‌లాల్ కమిటీకి చట్టపరమైన విచారణాధికారం లేదు. వారు తిరిగినది మూడు వారాలు. ఇచ్చినది అంచనాయే కాని లెక్క కాదు. కనుక దానిని తుది తీర్పుగా భావించరాదు. అయితే నివేదిక అసంపూర్ణమన్న కారణం దానిని దాచటానికి ఆధారం కాజాలదు. అసంపూర్ణమైన సాక్ష్యానికి పరిష్కారం మరిన్ని సాక్ష్యాలను సేకరించటం.

ఫిత్నా రేగుతుందన్న వాదం

పాత గాయాలను కెలికితే మత వైషమ్యాలు రేగుతాయని, శాంతికోసమే మౌనమని కొందరంటారు. ఈ మాట అనేవారందరూ దురుద్దేశంతో అనటం లేదు. ముస్లిం పెద్దలలో కూడా ఎందరో ఈ భయంతోనే పిల్లలకు ఆనాటి సంగతులు చెప్పకుండా కన్నుమూశారు. ఫిత్నాను నివారించటం షరీఅత్ లక్ష్యాలలో ఒకటన్నది నిర్వివాదాంశం.

కాని అనుభవం ఏమి చెబుతున్నది? సత్యం దాచబడినచోట వదంతి రాజ్యమేలింది. ఒకరు మృతులు రెండు లక్షలన్నారు. మరొకరు అసలు ఏమీ జరగలేదన్నారు. సెప్టెంబరు 17ను ఏ పేరుతో పిలవాలన్న వివాదం నేటికీ ఆగలేదు. కేంద్ర ప్రభుత్వం దానిని హైదరాబాదు విమోచన దినమన్నది. రాష్ట్ర ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినమని, 2024లో ప్రజాపాలన దినోత్సవమని జరిపింది. దినానికి పేరు పెట్టటంలో ఇంత శ్రద్ధ కనిపిస్తున్నది. ఆ రోజులలో చనిపోయినవారి పేర్లను వ్రాయటంలో మాత్రం అది కనిపించదు. వదంతికి విరుగుడు మౌనం కాదు, నిర్ధారిత సత్యమే. తెలిసిన వార్తను పరిశీలించి నిర్ధారించుకోవాలని అల్ హుజురాత్ సూరా 6వ ఆయత్ బోధిస్తున్నది. దస్తావేజులు మూసివేయబడి ఉండగా నిర్ధారించుకోవటం ఎట్లా సాధ్యం?

షరీఅత్ చూపిన మార్గం

ప్రభుత్వపు మనుషుల చేతిలో అన్యాయం జరిగితే ప్రభుత్వం ఏమి చేయాలన్న ప్రశ్నకు దైవప్రవక్త (స) జీవితంలోనే సమాధానమున్నది. హిజ్రీ 8వ సంవత్సరంలో, మక్కా విజయానంతరం, హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) నాయకత్వాన ఒక దళం బనూ జజీమా తెగవద్దకు పంపబడింది. ఆ తెగవారు తాము ఇస్లాం స్వీకరించామన్న భావాన్ని సరియైన పదంతో చెప్పలేకపోయారు. పొరపాటు అవగాహనతో ఖాలిద్ (రజి) వారిలో కొందరిని చంపించారు. తమ బందీలను చంపటానికి హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి), ఆయన సహచరులు నిరాకరించారు. వార్త విన్న ప్రవక్త (స) చేతులెత్తి, ఖాలిద్ చేసిన పనితో తనకు సంబంధం లేదని అల్లాహ్ ఎదుట ప్రకటించారు. ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉన్నది.

సీరత్ గ్రంథాలు తరువాతి భాగాన్ని తెలియజేస్తున్నాయి. హజ్రత్ అలీ (రజి) ధనంతో ఆ తెగవద్దకు పంపబడ్డారు. ప్రతి ప్రాణానికీ రక్తపరిహారం చెల్లించారు. పోయిన ప్రతి వస్తువుకూ, చివరకు కుక్క నీరు త్రాగే తొట్టికి సైతం వెల కట్టి ఇచ్చారు. అంతా చెల్లించిన పిదప మిగిలిన ధనాన్ని కూడా, ఎవరికీ తెలియకుండా పోయిన నష్టం ఏదైనా ఉంటే దానికి బదులుగా, వారికే ఇచ్చివేశారు. ప్రవక్త (స) ఆ పనిని మెచ్చుకున్నారు.

ఇందులో మూడు సూత్రాలు విదితమవుతున్నాయి. మొదటిది, జరిగిన తప్పును నాయకత్వం బహిరంగంగా అంగీకరించాలి. రెండవది, నష్టం లెక్క తొట్టి దాకా రావాలి. మూడవది, తప్పు చేసినవారికి శిక్ష పడని సందర్భంలో సైతం అంగీకారము, పరిహారము రద్దు కావు. 1948 నేరస్థులు ఎవరూ బ్రతికి ఉండరు, ఇక విచారణ ఎందుకన్న ప్రశ్నకు ఈ మూడవ సూత్రమే జవాబు.

హనఫీ ఫిఖ్హ్‌లోని ఖసామా నియమం కూడా ఇక్కడ గమనార్హం. ఒక పేటలో శవం దొరికి హంతకుడెవరో తెలియకపోతే, ఆ పేటవారిలో ఏభైమంది ప్రమాణం చేయాలి, పేటవారు రక్తపరిహారం చెల్లించాలి. శవం రాజమార్గంలోనో జామె మసీదులోనో దొరికితే పరిహారం బైతుల్‌మాల్ నుండి, అంటే ప్రభుత్వ ధనాగారం నుండి, చెల్లించబడాలి. హంతకుడు తెలియలేదన్న సాకుతో ఏ ప్రాణమూ లెక్కలేకుండా పోరాదన్నదే ఈ నియమంలోని ఆశయం.

అల్ మావర్దీ (మరణం హిజ్రీ 450, క్రీ.శ. 1058) తన అల్ అహ్‌కాముస్సుల్తానియా గ్రంథంలో మజాలిం న్యాయస్థానం విధులను వివరించారు. పాలకుల అధికారులు ప్రజలపై చేసే దౌర్జన్యాలను విచారించటానికి ఫిర్యాదు కోసం వేచి ఉండనక్కరలేదన్నారు. అధికార బలంతో ఆక్రమించబడిన ఆస్తుల విషయంలో ప్రభుత్వ దివాను రికార్డులలో ఆధారం దొరికితే చాలు, వేరే సాక్షులు అవసరం లేదని కూడా వ్రాశారు. అంటే ప్రభుత్వం దగ్గర ఉన్న కాగితమే బాధితుని పక్షాన సాక్షి అన్నమాట. సుమారు వెయ్యి సంవత్సరాల క్రితమే ఈ సూత్రం స్థిరపడింది.

తమకు వ్యతిరేకంగా సాక్ష్యం

ముస్లిం సమాజానికి కష్టమైన భాగం ఇక్కడున్నది. న్యాయంపై స్థిరంగా నిలబడి, తమకు గాని, తల్లిదండ్రులకు గాని, బంధువులకు గాని వ్యతిరేకమైనా సరే సాక్ష్యం చెప్పాలని అన్నిసా సూరా 135వ ఆయత్ ఆదేశిస్తున్నది. ఒక వర్గంపై గల ద్వేషం న్యాయం తప్పటానికి దారితీయరాదని అల్ మాయిదా సూరా 8వ ఆయత్ హెచ్చరిస్తున్నది.

కనుక సెప్టెంబరు 13 తరువాతి దస్తావేజులు మాత్రమే బయటపెట్టాలని కోరటం ఖుర్ఆన్ కోరిన సాక్ష్యం కాదు. 1948 మే నెలలో బీదర్ జిల్లా గోర్టాలోను, అదే సంవత్సరం ఆగస్టులో భైరాన్‌పల్లిలోను రజాకార్ల చేతిలో చనిపోయిన గ్రామస్థులు అల్లాహ్ సృష్టించిన మనుషులే. సంస్థానం భారతదేశంలో చేరాలని వ్రాసిన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో నరికివేయబడ్డాడు. అతడు ముస్లిం, చంపింది ముస్లింలే. పోలీసు చర్య తరువాత 1951 వరకు సైన్యం, పోలీసులు సాగించిన అణచివేతలో మరణించిన రైతులు, కార్యకర్తలు కూడా ఉన్నారు. ఆ పోరాట కాలమంతటిలో చనిపోయినవారు నాలుగు వేలమంది వరకు ఉంటారని పుచ్చలపల్లి సుందరయ్య తమ గ్రంథంలో పేర్కొన్నారు.

పటేల్ ఆక్షేపణలోని న్యాయమైన అంశానికి సరియైన సమాధానం కూడా ఇదే. రజాకార్ల నేరాలు తక్కువగా చెప్పబడ్డాయనుకుంటే వాటి దస్తావేజులు కూడా తెరవాలి. ఒక నేరాన్ని చూపి మరొక నేరాన్ని కప్పటం ఏ ధర్మమూ అంగీకరించదు. రజాకారు చేసిన పాపానికి లాతూరులోని పింజారీనో, నల్గొండలోని కూలివానినో బలియిచ్చే హక్కు ఎవరికీ లేదు. ఒకరి భారం మరొకరు మోయరన్నది ఖుర్ఆన్ పదే పదే చెప్పిన సూత్రం.

మొరాకో ఉదాహరణ

ఒక ముస్లిం దేశం తన గతాన్ని తానే విచారించుకున్న సందర్భం ఉన్నది. మొరాకోలో రాజు రెండవ హసన్ కాలంలో ఎందరో రాజకీయ ప్రత్యర్థులు మాయమయ్యారు. తజ్‌మమార్త్ అనే రహస్య కారాగారం ఉన్నదన్న సంగతినే ప్రభుత్వం ఏళ్ల తరబడి కాదన్నది. 1973లో అక్కడికి పంపబడిన 58 మంది సైనిక ఖైదీలలో సుమారు సగంమంది 1991లో విడుదల నాటికి బ్రతికి లేరు.

2004లో రాజు ఆరవ ముహమ్మద్ న్యాయ, సయోధ్య కమిషన్‌ను నియమించాడు. 17 సంవత్సరాలు రాజకీయ ఖైదీగా గడిపిన ద్రిస్ బెన్‌జెక్రీ దాని అధ్యక్షుడు. 1956 నుండి 1999 వరకు జరిగిన ఘోరాలను అది పరిశీలించింది. బాధితుల వాఙ్మూలాలు టెలివిజన్‌లో ప్రసారమయ్యాయి. మాయమైనవారిలో 742 మంది గతి ఏమైనదో తేలింది. తొమ్మిది వేలమందికి పైబడిన బాధితులకు పరిహారం నిర్ణయించబడింది. అయితే నేరస్థుల పేర్లు చెప్పటానికి బాధితులకు అనుమతి లేదు. ఈ లోపాన్ని అక్కడివారే తీవ్రంగా విమర్శించారు. లోపమున్నా, ఒక విషయం రుజువయింది: గతాన్ని తెరిస్తే రాజ్యం కూలిపోదు. తండ్రి సమాధి ఎక్కడున్నదో తెలిసిన కుమారునికి జనాజా దుఆ చేసుకునే అవకాశం దొరుకుతుంది.

ఇది చిన్న విషయం కాదు. మనిషి మరణించినట్లు నిర్ధారణ కానంతవరకు అతడు ఫిఖ్హ్ పరిభాషలో మఫ్‌ఖూద్, అంటే ఆచూకీ లేనివాడు. అతని ఆస్తి వారసులకు పంచబడదు. అతని భార్య పునర్వివాహం, ఇద్దత్ చిక్కుముడిగా మారుతాయి. 1939 ముస్లిం వివాహ రద్దు చట్టం నాలుగు సంవత్సరాలు ఆచూకీ లేని భర్తనుండి విడివడే మార్గాన్ని స్త్రీకి చూపింది. కాని ఆ చట్టం ఆమెకు దారి చూపగలదే గాని, భర్త ఏమైనాడో చెప్పలేదు.

చట్టం ఇచ్చిన అవకాశం

భారతదేశంలో ఈ సత్యాన్ని అడగటానికి చట్టబద్ధమైన మార్గాలున్నాయి. 1993 పబ్లిక్ రికార్డుల చట్టం, దాని క్రింద 1997లో వచ్చిన నియమాలు పాత ప్రభుత్వ దస్తావేజులను భద్రపరచి, రహస్య ముద్ర తొలగించి, పరిశీలనకు అందించే పద్ధతిని నిర్ణయించాయి. 2005 సమాచార హక్కు చట్టం 8వ సెక్షను మూడవ ఉపసెక్షను ప్రకారం, దేశ సమగ్రత, శాసనసభల హక్కులు, మంత్రివర్గ పత్రాలు వంటి కొన్ని మినహాయింపులకు లోబడి, ఇరవై సంవత్సరాలకు పూర్వం జరిగిన సంఘటనలకు సంబంధించిన సమాచారం ఇవ్వవలసి ఉంటుంది.

కోరవలసినవి కొన్ని స్పష్టంగా ఉన్నాయి. సుందర్‌లాల్ నివేదికను అనుబంధాలతో సహా ప్రభుత్వమే తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ భాషలలో ప్రచురించాలి. మిలిటరీ గవర్నరు పాలనాకాలపు దస్తావేజులు, దానికి ముందటి రజాకార్ల కాలపు పోలీసు రికార్డులు, 1951 వరకు నడచిన నిర్బంధ శిబిరాల రికార్డులు తెరవాలి. 1956లో సంస్థానం మూడు రాష్ట్రాల మధ్య పంచబడినందున తెలంగాణా, మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వాలు మూడూ ఇందులో పాల్గొనాలి. మతంతో నిమిత్తం లేకుండా గ్రామాలవారీగా మృతుల, ఆచూకీ లేనివారి జాబితా తయారు కావాలి.

ముస్లిం సమాజం చేయవలసిన పని కూడా ఉన్నది. 1948లో పది సంవత్సరాల బిడ్డ నేడు తొంభైకి చేరువలో ఉన్న వృద్ధుడు. ఆ తరం వెళ్లిపోకముందే వారి మాటలను వ్రాసి ఉంచాలి. వ్రాసేటప్పుడు కంటితో చూసినది ఏది, ఇతరులవల్ల విన్నది ఏది, ఎవరివల్ల విన్నది అన్న తేడాను పాటించాలి. హదీసు ఉల్లేఖనాలను సనదు ఆధారంగా పరీక్షించిన సమాజానికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. అతిశయోక్తి ఒక్కటి చేరినా వంద నిజాలు సందేహాస్పదమవుతాయి. రక్షించిన పొరుగువారి పేరు, చంపినవారి పేరుతో సమానమైన శ్రద్ధతో నమోదు కావాలి.

దీని ఉద్దేశం ప్రతీకారం కాదు. ప్రతీకారం తీర్చుకోవలసినవారు లేరు, తీర్చవలసినవారూ లేరు. మిగిలినది అమానత్ మాత్రమే. చంపబడినవారు ప్రళయదినాన తమ సాక్ష్యం తామే చెప్పుకుంటారు. మానవుల మధ్య మొట్టమొదట తీర్పు జరిగేది రక్తపాతం విషయంలోనేనని ప్రవక్త (స) తెలియజేశారు. ఆనాటి విచారణకు ఏ ప్రభుత్వ రికార్డు అవసరం లేదు. ఆ రికార్డు అవసరమైనది బ్రతికి ఉన్నవారికే. సత్యం తెలిసీ అడగనివారి మౌనం ఏ ఖాతాలో వ్రాయబడుతుందో ఆలోచించుకోవటానికి ఇంకా వ్యవధి ఉన్నది.